ల్యాపుటాపు పద్యానికి ‘రౌటరు దీపిక’

మూలము (ఆటవెలది)

రాము చూడవలయు రంగు కా దనఘుఁడా
యైదువంద లున్న నదియె చాలు
గోడ లడ్డు వచ్చు గూటిలోఁ బెట్టకు
పాసువర్డు నీదు పాప పేరు

అవతారిక

మా అమ్మాయికి ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. కాలేజీ వాళ్లిచ్చిన కాగితంలో ఏప్రాన్‌కీ డ్రాఫ్టర్‌కీ నడుమ ‘ల్యాప్‌టాప్ – 1’ అని రాసి ఉంది. అంతకు మించి వివరం లేదు. అప్పటిదాకా నేను సొంతంగా ఎంచి కొన్న పెద్ద యంత్రం వెట్ గ్రైండరు. అందుకని తెలుగు మాస్టారుగా రిటైరై, ఆ తర్వాత కంప్యూటరు విద్యలో దిగిన మా బావగారికి ఫోన్ చేశాను. ఆయన సలహా అంటూ ఇస్తే పద్యంలోనే ఇస్తారు, వచనంలో అడిగితే విసుక్కుంటారు. సాయంత్రానికి వాట్సాప్‌లో పై ఆటవెలది దిగింది. దాన్ని కంఠస్థం చేసి, 40 వేలు జేబులో పెట్టుకుని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కాను.

మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానాలు రాసినవాడు మెతుకుసీమ మల్లినాథ సూరి. ఆ ప్రతిజ్ఞ నా వల్ల కాదు. బావగారు మూలంలో చెప్పకుండా వదిలేసిన చోటల్లా నాకు డబ్బు వదిలింది.

టీక

రాము = ర్యాము; చూడవలయున్ = అడిగి తెలిసికొనవలెను; రంగు కాదు = పైపూత కాదు; అనఘుఁడా = పాప మెరుగనివాఁడా, అనఁగా మొదటిసారి కొనువాఁడా; ఐదువందలు = ఐదువందల జీబీ; ఉన్నన్ = ఉండినచో; అదియె చాలు = అంతియే పదివేలు (ఇది ధర కాదు); గోడలు, అడ్డు వచ్చున్ = స్పష్టము; గూటిలోన్ = గోడలోని గూటియందు; పెట్టకు = ఉంచకుము (దేనినో క్రింద చూడుఁడు); పాసువర్డు = రహస్యాక్షరి; నీదు పాప పేరు = నీ కూఁతురి పేరు.

విశేషాలు

‘రాము’ దగ్గరే వ్యాఖ్యాతలు చీలిపోయారు. మా ఆవిడది భక్తిపక్షం. రాముణ్ణి దర్శించుకోవాలి గాని ఆయన నలుపా తెలుపా అని చూడకూడదు, కాబట్టి ముందు గుడికెళ్లి ఆ తర్వాతే షాపుకెళ్లాలి అని ఆమె అన్వయం. గుడికెళ్లాం. అమ్మాయిది వర్ణపక్షం. ‘కాదు’ను పక్కకు నెట్టి ‘రంగు చూడవలయు’ అని చదువుకుంది. సిద్ధాంతం ఏమిటంటే, రాము అంటే యంత్రం పని చేసేటప్పుడు సామాను పరుచుకునే వంటగట్టు. గట్టు ఇరుకైతే అటక ఎంత పెద్దదైనా వంట సాగదు. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 4 జీబీ. అది బస్సులో ముగ్గురి సీట్లో నాలుగో మనిషికిచ్చే చోటు లాంటిది. కూర్చున్నట్టే గాని కూర్చున్నట్టు కాదు.

“8 జీబీ మస్తయితది సార్, తర్వాత కావాలంటే పెంచుకోవచ్చు” అన్నాడు షాపు కుర్రాడు. ఇక్కడ కవి మౌనం వహించాడు. సన్నగా నాజూగ్గా ఉండే యంత్రాలు చాలావాటిలో ర్యాము బోర్డుకే అతికించి వస్తుంది. తర్వాత పెంచడమంటే కట్టిన ఇంటికి పునాది పెంచడమే. “దీనికి ఇంకో ర్యాము పెట్టే స్లాటు ఉందా?” అని అడగాలి. నేను అడగలేదు. అనఘుణ్ణి కదా! అడిగినవాడు పక్క కౌంటర్లో ఉన్న ఇంటర్ కుర్రాడు. అతనడిగాక మా కౌంటరు కుర్రాడు నా వైపు చూసి, వేరే డబ్బా తీశాడు. అందులో 8 ఉంది, ఇంకో 8కి ఖాళీ ఉంది. ఆ ఖాళీని అప్పుడే నింపించాను. 40 వేలు అక్కడ దాటాయి.

అవాంతరంగా ఒక వ్యాకరణ విషయం. అందరూ ఐ3, ఐ5, ఐ7 అని చెప్పుకునే ఇంటెల్ వారు 2023లో తమ కొత్త చిప్పుల పేర్లలోంచి ఆ ‘ఐ’ని తీసేశారు. ఇత్వసంధి విన్నాం, ఉత్వసంధి విన్నాం. ఐత్వలోపం వినడం ఇదే మొదలు. పాత పేరువీ కొత్త పేరువీ ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. అంకె పెద్దదైనంత మాత్రాన ఘనం కాదు; ముసలి ఐ5ని పడుచు ఐ3 ఓడించిన సందర్భాలున్నాయి. ఏ తరానిదో అడగాలి, సంబంధం కుదుర్చుకునేటప్పుడు అడిగినట్టే.

రెండో పాదం అటక గురించి, అంటే ఫైళ్లు దాచుకునే చోటు. డబ్బా మీద 512 అని ఉంది, పద్యంలో 500. ఆ 12 ఎక్కడికి పోయాయంటే ఛందస్సు తినేసింది. సూర్యగణాల్లో పన్నెండుకి చోటు దొరకలేదు. ఇంతవరకు బాగానే ఉంది. ఇంట్లో అది నడవడం మొదలయ్యాక చూస్తే విండోస్ 476 అని చూపించింది. మిగతా 36 ఎవరు తిన్నారు? షాపుకి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. తర్వాత తెలిసింది, ఎవరూ తినలేదు. తయారీదార్లు జీబీ అంటే సరిగ్గా 100 కోట్ల బైట్లని లెక్కేస్తారు, విండోస్ 107 కోట్ల 37 లక్షల చిల్లర అని లెక్కేస్తుంది. సరుకు అదే, మానిక వేరు. మా ఊళ్లో వడ్లు కొలిచే మానికకీ బియ్యం కొలిచే మానికకీ ఇలాగే గొడవయ్యేది. నెట్ వాళ్ల స్పీడు లెక్కలోనూ ఇదే మాయ. వాళ్లు చెప్పే 100 ఎంబీపీఎస్ బిట్లలో లెక్క. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే సెకనుకి దిగేది 12.5 మెగాబైట్లు, అదీ అన్నీ కలిసొస్తే. షాపు కుర్రాడికి మళ్లీ ఫోన్ చేసి, అరిచినందుకు ఏమనుకోవద్దని చెప్పాను.

మూడో పాదమే ఈ పద్యానికి గుండెకాయ. ముందు పదవిభాగం. ‘గోడ లడ్డు వచ్చు’ను గోడ, లడ్డు అని విడదీసి, నెట్ కలిపినవాడికి స్వీటు పెట్టాలని కొందరు అర్థం చెబుతారు. మా ఇంట్లో ఆ అర్థమే ఆచరణలోకి వచ్చింది. నెట్ కలపడానికొచ్చిన అబ్బాయి లడ్డూ తిని, మంచినీళ్లు తాగి, వైరు ఎక్కడ అందితే అక్కడ, అంటే హాల్లో దేవుడి గూటిలో, వినాయకుడి వెనకాల రౌటరు పెట్టి వెళ్లిపోయాడు. సరైన విభాగం గోడలు + అడ్డు. ఇక ‘పెట్టకు’ అన్నాడు కవి, దేన్ని? కర్మ లేదు. అధ్యాహారం చేసుకోవాలి: రౌటరును. ఆ ఒక్క మాట పద్యంలో ఉండి ఉంటే లడ్డూ ఇచ్చే ముందే అబ్బాయిని ఆపేవాణ్ణి.

గూటికి మూడు వైపులా గోడ, పక్కనే స్టీలు బీరువా. మా రౌటరులో వైఫై రెండు దారుల్లో వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది ముసలి ఎద్దుబండి, నెమ్మదే గాని గోడలు దాటుకుంటూ పోతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది జట్కా గుర్రం, ఎదురుగా ఖాళీ ఉంటే దౌడు తీస్తుంది, గోడ కనబడితే డీలా పడుతుంది. ఇనుప బీరువా దగ్గర రెండూ వెనక్కి తిరుగుతాయి. అమ్మాయి గది రెండు గోడల అవతల. పాఠాలు వినాలంటే ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి దేవుడి ముందు కూర్చునేది. వారం రోజులు ఆ దృశ్యం చూసి మా ఆవిడ తన భక్తిపక్షమే గెలిచిందనుకుంది.

అంతకు ముందు జరిగిందొకటి చెప్పాలి. కొత్త ల్యాప్‌టాప్ తెరవగానే అది ముందు నెట్ అడిగింది. విండోస్ 11 హోమ్ సెటప్‌కి నెట్, మైక్రోసాఫ్ట్ ఖాతా రెండూ కావాలి. రౌటరు పక్కనున్న చిన్న డబ్బాలో ‘ఎల్‌ఓఎస్’ అని రాసిన దీపం ఎర్రగా వెలుగుతోంది. ఫైబరులోంచి వెలుతురు రావట్లేదని దాని భావం. కంపెనీకి ఫోన్ చేస్తే ఫిర్యాదు యాప్‌లో పెట్టమన్నారు. మూడు రోజులు ఎర్రదీపం. చివరికి అమ్మాయే తన ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్ లేపింది. బయట స్తంభం దగ్గర కొబ్బరి మట్ట పడి వైరు తెగిందని తర్వాత తేలింది. ఈ వ్యాఖ్యకు ‘దీపిక’ అని పేరు పెట్టింది ఆ దీపాన్ని తలుచుకునే.

ధ్వని గురించి ఆలంకారికులు అడుగుతారు. ఉంది, ల్యాప్‌టాప్ అడుగున ఫ్యాన్ నుంచి. పరుపు మీద పెట్టి వాడితే గాలి దారి మూసుకుపోయి ధ్వని మరింత స్ఫుటమవుతుంది.

నాలుగో పాదంలో క్రియ లేదు. అసలు చిక్కు అక్కడే. ‘పాసువర్డు నీదు పాప పేరు’ — ఇది విధా, నిషేధమా, నిందా? విధి అనుకుని పాప పేరే పెట్టాను. పేరు ఇంగ్లీషులో ఆరక్షరాలు. వైఫై పాస్‌వర్డ్‌కి తక్కువలో తక్కువ ఎనిమిది కావాలి. పక్కన 12 చేర్చాను. లోకంలో తండ్రులందరూ చేసేదిదే కాబట్టి కనిపెట్టడం ఎవరికైనా తేలిక. నెల తిరక్కుండానే పైవాటా వాళ్ల టీవీ, కిందివాటా వాళ్ల సీరియల్సు మా కనెక్షన్ మీద నడిచాయి. మొదటి పాదంలో నన్ను పాపం లేనివాడన్న కవి చివరి పాదంలో పాపను ఎందుకు తెచ్చాడో అప్పుడర్థమైంది. ఉపక్రమోపసంహారాలు కుదిరాయి. ఇది నింద.

తాత్పర్యము

ఓ పుణ్యాత్ముడా! ర్యాము ఎంతో, పెంచడానికి చోటుందో లేదో అడుగు, రంగు నీ కూతురికి వదిలేయి. 512 అంటే 476 వస్తుంది, షాపువాడి మీద అరవకు. రౌటరును హాలు నడుమ, ఎత్తుగా, బీరువాకి దూరంగా పెట్టించు. వైరు సరిపోదంటే ఇంకో పది మీటర్లు వెయ్యమను. పాస్‌వర్డ్ నీ ఇంట్లోవాళ్ల పేర్లలో ఉండకూడదు.

పాఠభేదము

బావగారికి ఫోన్ చేసి నాలుగో పాదం నింద అని ఎందుకు చెప్పలేదని అడిగాను. “నింద కాదురా, మా ఇంటి పాస్‌వర్డ్ కూడా పాప పేరే. చిన్నప్పట్నుంచీ మాకూ అదే పేరు అలవాటు” అన్నారు. రెండిళ్లకీ ఒకటే పాస్‌వర్డ్. మాది నిన్న మార్చాను, ఆయనది ఇంకా మార్చలేదు.