శుభలేఖ లేనిదే సెలవు లేదు: యజమానులకు, మేనేజర్లకు కొన్ని చిట్కాలు

బందరులో రోల్డ్‌గోల్డ్ షెడ్డు నడిపేవారికి, గుడివాడలో ప్రైవేటు స్కూలు పెట్టినవారికి, నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల షెడ్లు చూసుకునే సూపర్‌వైజర్లకు, బట్టల కొట్టు మేనేజర్లకు, నర్సింగ్ హోమ్ ఆఫీసులో కూర్చునేవారికి మేలు కోరి ఈ చిట్కాలు రాస్తున్నాను.

పెళ్ళికాని అమ్మాయి ఒకతె మీ టేబుల్ ముందుకొచ్చి, "సార్, నాకు ప్రసూతి సెలవు కావాలండి" అందనుకోండి. చాలామంది కంగారులో సంతకం పెట్టేస్తారు. సంతకం పడిందంటే ఇక ఏమీ మిగలదు. ఆమె ఇంటికెళ్తుంది, కాన్పవుతుంది, ఆరు నెలలకు తిరిగొచ్చి తన పని తాను చేసుకుంటుంది. అలాగైతే ఆ కుర్చీలో మీరున్నారని ఊరికెలా తెలుస్తుంది? కింద చెప్పినట్టు చేయండి. ఏడాది తిరక్కుండా మీ పేరు లేబర్ ఆఫీసు దాకా, అదృష్టం బాగుంటే హైకోర్టు దాకా వెళ్తుంది.

1. చట్టం జోలికి పోకండి.

చదివితే మనసు మెత్తబడుతుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో స్త్రీ అంటే జీతానికి పనిచేసే స్త్రీ. యజమాని నేరుగా పెట్టుకున్నా ఆమే, ఏజెన్సీ ద్వారా వచ్చినా ఆమే. పెళ్ళి మాట లేదు. 2017లో సవరణ చేసి 12 వారాల సెలవును 26 వారాలకు పెంచారు. అప్పుడూ పెళ్ళి ఊసెత్తలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. అందులోనూ ఆ మాట లేదు. ఇంతమంది కూర్చుని ఇన్నిసార్లు రాసి కూడా ఆ ఒక్కటీ వదిలేశారంటే మీలాంటి అనుభవజ్ఞుల కోసమే వదిలారనుకోండి. ఆ ఖాళీ మీరు పూరించండి.

2. కాగితాలు అడగండి. ఒకేసారి అన్నీ అడగకండి.

చట్టం అడిగేవి రెండే రుజువులు. గర్భంతో ఉందని ఒకటి, కాన్పయిందని ఒకటి. మీరు మూడోది చేర్చండి. సోమవారం శుభలేఖ అడగండి. తెస్తే గురువారం పెళ్ళి ఫొటో అడగండి. అదీ తెస్తే రిజిస్ట్రారు ఆఫీసు సర్టిఫికెట్ అడగండి. "పెళ్ళి కాలేదు సార్" అని ఆమె తిన్నగా చెప్పేసిందా, మరీ మంచిది. "అయితే ఆ మాటే నోటరీ చేయించుకు రామ్మా" అనండి. తెచ్చాక, "ఇందులో బిడ్డ తండ్రి పేరేదీ?" అని కొర్రీ వేయండి. పెళ్ళికాని తల్లి తండ్రి పేరు చెప్పనక్కర్లేకుండానే బిడ్డకు గార్డియన్ కావచ్చనీ, ఆమె అఫిడవిట్ ఇస్తే చాలు పుట్టిన సర్టిఫికెట్ ఇచ్చేయాలనీ సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. ఆ తీర్పు ఢిల్లీలో వచ్చింది, మన బీరువా బందరులో ఉంది. రెంటికీ చాలా దూరం.

ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో కావాలంటే తమిళనాడు చూడండి. తిరువారూరు జిల్లా కొడవాసల్‌లో సాక్షాత్తూ మున్సిఫ్ మేజిస్ట్రేటు కోర్టులోనే ఒక ఆఫీసు అసిస్టెంటు ప్రసూతి సెలవు అడిగింది. గుళ్ళో పెళ్ళయిన ఫొటోలు, శుభలేఖ పెట్టింది. మేజిస్ట్రేటు మూడు కొర్రీలు వేశారు. పెళ్ళి రిజిస్టరు కాలేదు. పోలీసు ఎఫ్‌ఐఆర్ చూపినా అది పెళ్ళికి రుజువు కాదు. పెళ్ళికి ముందే గర్భం వచ్చింది. ఎంత పొందిక! 2025 మార్చిలో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆర్. సుబ్రమణియన్, జస్టిస్ జి. అరుళ్‌మురుగన్ ఆ ఉత్తర్వు కొట్టేశారు. సెలవు ఇమ్మన్నారు, పైగా లక్ష రూపాయల పరిహారం కట్టమన్నారు. మూడు వాక్యాలు రాస్తే లక్ష రూపాయల తీర్పు వచ్చింది. చట్టం చదువుకున్న మేజిస్ట్రేటుకే ఇంత జరిగితే, పదో తరగతితో షెడ్డు పెట్టిన మనకు ఇంకెంత జరుగుతుందో లెక్క వేసుకుని ధైర్యంగా ముందుకు వెళ్ళండి.

3. జిల్లా విభజనను వాడుకోండి.

2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా ముక్కలయింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది, బందరు మనకు మిగిలింది. ఇన్నేళ్ళయినా ఏ కాగితం ఎక్కడికి పోవాలో జనానికి సరిగ్గా తెలియదు. ఆమెను విజయవాడ పంపండి. అక్కడివాళ్ళు బందరు వెళ్ళమంటారు. బందరులో గుడివాడ అనొచ్చు. ఎనిమిదో నెలలో పల్లెవెలుగు బస్సులో గుడివాడ, పామర్రు, పెడన తిరిగితే ఆమెకే అర్థమవుతుంది మీరెంత పట్టుదల మనిషో. అవనిగడ్డ అమ్మాయైతే ఇంకో గంట కలిసొస్తుంది.

4. తపాలు రిజిస్టరు నిండిపోయిందని చెప్పండి. రబ్బరు స్టాంపు ఆడిటరు దగ్గరుందని చెప్పండి. కరస్పాండెంటుగారు తిరుపతి వెళ్ళారని చెప్పండి. ఇవి వరసగా నెలకొకటి చొప్పున వాడాలి. మూడూ ఒకే రోజు చెబితే అనుమానం వస్తుంది.

5. ప్రశ్నలు బాగా సొంత విషయాల్లోకి వెళ్ళాలి.

తలుపు తీసే ఉంచండి, పక్క టేబుళ్ళకు వినపడాలి. "ఎవరమ్మా అతను? ఎక్కడుంటాడు? మీ అమ్మానాన్నలకు తెలుసా?" అని అడగండి. బందరులో డివిజనల్ ఆఫీసున్న ఎల్ఐసీ వాళ్ళు ఒకప్పుడు ఉద్యోగంలో చేరే ఆడవాళ్ళ చేత నెలసరి వివరాలు కూడా ఫారంలో రాయించుకునేవారు. ప్రొబేషన్‌లో ఉన్న ఒకామె ప్రసూతి సెలవు తీసుకుంటే, ఆ ఫారంలో తప్పు రాసిందని తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలో పెట్టించి, ఆ ప్రశ్నలు ఆడవాళ్ళ ఆత్మగౌరవానికి భంగమని, ఫారంలోంచి తీసేయమని చెప్పింది. అంత పెద్ద సంస్థ మానుకున్న ప్రశ్నలు ఊరికే పడి ఉన్నాయి. మీరు తీసుకోండి.

6. ఎనభై రోజుల లెక్క మీద కష్టపడండి.

కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే ప్రసూతి ప్రయోజనం వస్తుంది. కాబట్టి 79వ రోజున ఆమెను మస్టర్‌లోంచి తీసేసి, నాలుగు రోజులాగి, పేరులో ఒక అక్షరం మార్చి మళ్ళీ ఎక్కించండి. 80 రోజులూ వరసగా ఉండక్కర్లేదని, విడివిడిగా ఉన్నా కూడుకోవచ్చని, జీతంతో ఇచ్చిన సెలవులు, లేఆఫ్ రోజులు కూడా అందులోకి వస్తాయని ఎవరైనా అంటే వినకండి. పీఎఫ్ ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉంటుంది కనుక మీ రెండు పేర్లూ ఒకే నంబరు కింద పక్కపక్కన కనిపిస్తాయి. లేబర్ ఆఫీసరు వెతుక్కోవాల్సిన పని ఉండదు, చెయ్యి తిరిగిన రాత మీదేనని చూడగానే గుర్తుపడతాడు.

దినకూలీ అనో, కాంట్రాక్టు అనో తప్పించుకోవడం కూడా పాత మంచి పద్ధతే. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టరు రోల్ కూలీల మీద ఇదే చెప్పి 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం ముగియదని అదే కోర్టు 2023లో ఇంకో కేసులో చెప్పింది. రెండుసార్లు ఓడిన వాదన కదా, మూడోసారి మీది.

7. డబ్బు మీది కాకపోయినా ఆపండి.

ఇది ముఖ్యం. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట, 21,000 రూపాయల లోపు జీతగాళ్ళకు ఈఎస్‌ఐ ఉంటుంది. అంతకు ముందటి రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా పడితే చాలు, 26 వారాల జీతం కార్పొరేషనే ఆమె ఖాతాలో వేస్తుంది. అక్కడా పెళ్ళి అడగరు. మీ జేబులోంచి పైసా కదలదు. మీరు చేయాల్సిందల్లా ఒక సంతకం. చేయకండి. డబ్బు మిగల్చడానికి ఆపడం ఎవరైనా చేస్తారు. ఏమీ మిగలకపోయినా ఆపినవాడే అసలైన మేనేజరు.

ఈఎస్‌ఐ లేని చోటైతే లెక్క మీరే చూసుకోండి. నెలకు 12,000 జీతమైతే ఆరు నెలలకు 72,000, పైన 3,500 మెడికల్ బోనస్. కాన్పుకు ముందు వారాల డబ్బు ముందే ఇవ్వాలి. కాన్పయినట్టు కాగితం చూపాక మిగతాది 48 గంటల్లో ఇవ్వాలి. ఈ 75,500 ఇవ్వకుండా ఉండటానికి లాయరు ఫీజు, వాయిదాల రోజుల్లో షెడ్డుకు తాళం, విజయవాడ రానుపోను ఖర్చులు, పరిహారం పెట్టుకోండి. పెట్టిన డబ్బు పరువు కోసం పెట్టినట్టు.

8. ఉద్యోగంలో చేరేటప్పుడే వంద రూపాయల స్టాంపు కాగితం మీద, "పెళ్ళి కాకుండా గర్భవతినైతే సెలవు అడగను" అని రాయించుకోండి. చట్టానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. అయినా దాన్ని ఫైల్లో పైనే పెట్టండి. మీ ఉద్దేశం ఏమిటో నిరూపించడానికి ఆమె లాయరుకు వేరే సాక్ష్యం వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

9. నోటి మాటను నోటీసు బోర్డులా వాడుకోండి.

సెలవు చీటీ వచ్చిన రోజు సాయంత్రం కోనేరు సెంటర్లో టీ తాగండి. నలుగురికి చెప్పండి, "ఎవరికీ చెప్పకండి" అని చేర్చండి. చీకటి పడేలోపు చిలకలపూడి, తెల్లారేలోపు పెడన. దివిసీమ అమ్మాయైతే పులిగడ్డ వంతెన దాటి రేపల్లె దాకా పోవాలి. ఆమె ఇంట్లో వాళ్ళు తలెత్తుకోలేక ఆమెనే పని మానిపిస్తారని మీ ఆశ. కొన్నిసార్లు అలా జరగదు. బిడ్డను పెంచాల్సినదీ, జీతం కావాల్సినదీ తనే కనుక ఆమె మరీ గట్టిగా పట్టుకుంటుంది. అలాంటప్పుడు మీరు ఇంకోసారి టీ తాగాలి.

10. నిలబెట్టండి.

కాన్పు దగ్గర పడుతున్న వారాల్లో ఆమె అడిగితే గంటల తరబడి నిలబడే పని, బరువు పని చెప్పకూడదు. కాన్పయ్యాక ఆరు వారాలు అసలు పనిలోకే రానివ్వకూడదు. మీరు ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తీసే బల్ల దగ్గరకే పంపండి. బట్టల కొట్టయితే చీరలు దించే మెట్ల దగ్గర నిలబెట్టండి. ఆమె కళ్ళు తిరిగి పడిపోతే పక్కనున్న పదిమంది ఆడవాళ్ళు చూస్తారు. పదిమంది సాక్షులు.

11. అంగన్‌వాడీలోనూ మీ మాట చెల్లించుకోండి.

మాతృవందన పథకం కింద మొదటి కాన్పుకు వచ్చే 5,000 రూపాయలకు భర్త ఆధార్ తప్పనిసరి కాదని కొత్త మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒంటరి తల్లుల కోసమే ఆ మార్పు చేశారు. "భర్త ఆధార్ లేకపోతే రాదమ్మా" అని మీరు ఆమెకు అధికారికంగా చెప్పండి. మీకు సంబంధం లేని శాఖ గురించి చెప్పేటప్పుడు గొంతు ఇంకాస్త గట్టిగా ఉండాలి.

12. సెలవులో ఉండగానే తీసేయండి.

ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఆ కారణంతో తీసేయడం చట్టం కుదరదంది. తీసేసినా ఆమెకు రావాల్సింది పోదు. అందుకే స్పీడ్ పోస్టులో పంపండి, ఎక్‌నాలెడ్జ్‌మెంటు జాగ్రత్త చేయండి. తీసేసిన తేదీ, కాన్పు తేదీ పక్కపక్కన ఉంటే కేసు చాలా త్వరగా తేలుతుంది. 1961 చట్టం ప్రయోజనం ఇవ్వని యజమానికి, ప్రసూతి సెలవులో ఉన్నామెను తీసేసిన యజమానికి మూడు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు రాసింది. కొత్త కోడ్‌లోనూ శిక్షలున్నాయి. ఇంత దూరం వచ్చినవారు వెనక్కి తగ్గకూడదు.

13. కొత్త మనిషి కోసం ప్రకటన వేయండి.

అప్పటికి ఆమె బకాయిలన్నీ వసూలు చేసుకుని విజయవాడలో ఇంకో చోట చేరి ఉంటుంది. వెళ్తూ వెళ్తూ రాళ్ళు అతికించడంలో చెయ్యి తిరిగిన మరో ఇద్దరిని వెంట తీసుకుపోయి ఉంటుంది. మిగిలినవాళ్ళలో పెళ్ళయినవాళ్ళు కూడా తమ సంగతి ఏమవుతుందోనని సంబంధాలు చూసుకున్నట్టు పనులు చూసుకుంటుంటారు. షెడ్డులో మీరూ, ఫ్యానూ ఉంటారు. షట్టరు మీద తెల్ల కాగితం అంటించండి. పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: "అనుభవం ఉన్న అవివాహిత యువతులు కావలెను. జీతం మాట్లాడుకొనబడును. సెలవులు అడగరాదు."