మల్లె మాటలకు పూయునా? ఒక సూత్రమునకు టీక

మూలము: “మొక్కతో ప్రేమగా మాట్లాడండి, పూలే పూలు.”

అవతారిక: డాబా తోటల మహోపన్యాసకులొకరు మైకు పట్టుకొని సెలవిచ్చిన సూత్రమిది. మల్లె ఎందుకు పూయలేదని ఒక ఇల్లాలు అడుగగా ఉపదేశింపబడినది.

ప్రతిపదార్థము: సులభము. విడిచితిమి.

విశేషము: ఈ మతము కొత్తది కాదు, దోహదమని దీనికి పాతపేరు. మెదకు సీమ కొల్చారమువాడు మల్లినాథసూరి మేఘదూతమునకు సంజీవని అను వ్యాఖ్య రచించుచు ఈ పట్టీ అంతయు ఎక్కించినాడు. స్త్రీ తన్నిన అశోకము, మద్యము పుక్కిలించి ఉమిసిన పొగడ, ఓరచూపునకు తిలకము, కౌగిలింతకు కురవకము, నవ్వునకు సంపెంగ, పాటకు నమేరువు, ఎదుట ఆడినచో కర్ణికారము పూయునట. ఇవన్నియు ఒక్క డాబా మీద జరిగినచో అపార్టుమెంటు అసోసియేషను వారు ఊరకుందురా అనునది పూర్వపక్షము. దీనికి సిద్ధాంతము లేదు.

పొగడ మాట వచ్చినది గనుక, దాని పూవు ఎండినను వాసన విడువదు. దండ గ్రుచ్చి పెట్టెలో పడవేసి మరచినను, చీర తీసినప్పుడు ముందు అదే పలకరించును. దానికి మద్యమెందుకో మాకు తెలియదు. నిరాధారమైనది, అనవసరమైనది వ్రాయనని మల్లినాథుడు ఒట్టు పెట్టుకొన్నాడు. మేము పెట్టుకొనలేదు.

ప్రకృతము. ఆ పట్టీలో మాటలకు పూచునది మందారమొక్కటే, అదియును సరసోక్తులకు. “బంగారుతల్లీ, పూయవే” అని బ్రతిమాలుటకు కాదు. మల్లె పేరు అందు లేనే లేదు.

తాత్పర్యము: మల్లెకు కావలసింది కత్తెర. చలికాలంలో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు మోకాలెత్తుకు కోసి, ఆపైన ఎరువు వేసి నీళ్లు పెట్టాలి. అప్పుడు కొత్త చిగురు వస్తుంది. దాని కొసన మూడేసి మొగ్గలు, మధ్యది ముందు లావెక్కుతుంది. మైలవరం వైపు మల్లెతోటల రైతును ఎవరినడిగినా ఇదే చెబుతాడు. అతనికి మైకు ఇవ్వరు.

ఉపన్యాసంలో కత్తెర ఊసు లేదు, ఎండ ఊసు లేదు. ఎదుటి టవరు నీడ పడే బాల్కనీలో, ట్యాంకరు నీళ్లు పొదుపు చేసి పోస్తున్న ఆ ఇల్లాలు, పూయకపోతే తన ప్రేమే చాలలేదనుకుని తలవంచుకుంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టిన ద్రావణం సీసా ఒకటి కొనుక్కుంది కూడా. అమ్మినది ఉపన్యాసకుల వారి బావమరిది.

అమ్మా, రోజుకు కనీసం ఐదారు గంటలు ఎండ తగిలే చోటికి కుండీ జరపండి. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, దానికి ఖర్చు లేదు. ఆ సీసా మాత్రం మళ్లీ కొనకండి.