కూర్చోనిస్తే చాలు

హైదరాబాద్‌లో కాఫీకి కొదవ లేదు, కూర్చోవడానికే కరువు. జూబ్లీహిల్స్‌లో పాత బంగళాకు తెల్లరంగు కొట్టి, గుమ్మంలో రెండు కుండీలు, గోడ అరలో నాలుగు పుస్తకాలు పెడితే కెఫే రెడీ. పుస్తకాలు చదవడానికి కాదండోయ్, ఫొటోలకి! పాలనురగ మీద ఆకు బొమ్మ గీసి ఇస్తారు. ఆ ఆకు చెదరకముందే బిల్లు టేబులెక్కుతుంది. ప్లగ్ పాయింటుకు టేపు అతికించి ఉంటుంది. వైఫై పాస్‌వర్డుకు గంటే గడువు. అదయ్యాక ‘ఇంకేమైనా కావాలా సార్’ అని ఎంత మర్యాదగా అడుగుతారంటే, లేవకపోతే మనకే సిగ్గేస్తుంది.

ఒకప్పుడు ఈ ఊళ్లో ఏ మలుపు తిరిగినా ఇరానీ హోటల్ తగిలేది. పాలరాతి టేబుల్, వన్ బై టూ చాయ్, సాసర్లో ఉస్మానియా బిస్కెట్లు. ఆ సగం కప్పుతోనే ప్రభుత్వాలను పడగొట్టి, మళ్లీ నిలబెట్టి మరీ లేచేవారు. గల్లా మీది సేట్ కన్నెత్తి చూసేవాడు కాదు. ఆ మలుపుల్లో ఇప్పుడు మందుల షాపులు, మొబైల్ షాపులు. మిగిలిన హోటళ్లలోనూ కొన్నిచోట్ల నిలబడి తాగి వెళ్లమంటున్నారు.

బంజారాహిల్స్‌లో 2010 నుంచి లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది కదా అంటారా? ఉంది. చాయ్, సమోసా చవకే, తొందరపెట్టేవారూ లేరు. ఎవరూ లేవమనరు కాబట్టే ఎవరూ లేవరు. మనకు కుర్చీ దొరకదు!