అంతా ఇంటి గొడవేనట!

కేంద్ర బలగాల జవాన్లు ఎందుకు ప్రాణాలు తీసుకుంటున్నారని పార్లమెంటులో ఎప్పుడడిగినా, కారణాల జాబితా ఇంట్లోంచే మొదలవుతుంది. భార్యాభర్తల కలహాలు, అప్పులు, సొంత గొడవలు. 2024 డిసెంబరులో రాజ్యసభ ముందుకొచ్చిన లెక్క అయిదేళ్లలో 730 మంది. మందుపాతరలకు లొంగనివాళ్లను అత్తాకోడళ్ల పోరు పొట్టన పెట్టుకుందన్నమాట!

సాక్ష్యం కూడా చూపిస్తారు. ఈ మరణాల్లో నూటికి ఎనభైకి పైగా సెలవు ముగిసి తిరిగొచ్చాక జరిగినవేనట. కనుక తప్పు ఇంటిదే. తిరిగొచ్చింది ఎక్కడికండీ అని మాత్రం అడక్కూడదు.

ఇక వైద్య పరీక్ష సంగతి. ఏటా జవానుకు ‘షేప్’ కడతారు. మొదటి అక్షరం మనసుది. తర్వాతవి చెవి, కాళ్లూచేతులూ, ఒళ్లు, కన్ను. అన్నిటా ఒకటి పడితే షేప్-వన్. ప్రమోషన్‌కి అదే కావాలి. కంటికి చార్టుంది, చెవికి యంత్రముంది. మనసుకి చాలావరకు జవాను నోటిమాటే కొలబద్ద.

“నిద్ర పడుతోందా?”

“పడుతోంది సార్!”

లేదన్నవాడి ప్రమోషన్ చిక్కుల్లో పడుతుంది. పడుతోందన్నవాడు ఆరోగ్యవంతుడు. ఇంత చవగ్గా మనసులు బాగుచేసే వ్యవస్థ మరెక్కడైనా ఉందా?

మందు లేదనకండి. యోగా ఉంది, ధ్యానం ఉంది, ఆటలున్నాయి. సెలవడిగితే శ్వాస పీల్చడం నేర్పుతారు. ఏడాదికి వంద రోజులు కుటుంబంతో గడపనిస్తామన్న హామీ 2019 నాటిది. కంపెనీలో మనుషులు చాలకపోతే ఆ వంద రోజుల్ని ఎవరిస్తారో చెప్పలేదు.

సైన్యంలోనూ ఇదే వైద్యం. సగానికి పైగా సైనికులు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని ఓ కర్నల్ చేసిన అధ్యయనం రక్షణ రంగ మేధోసంస్థ యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ వెబ్‌సైట్లో కనబడింది. 2021 జనవరిలో పత్రికలకెక్కగానే అక్కణ్నుంచి మాయమైంది. ఒత్తిడి ఉన్నచోటే ఉంది, కాగితం పోయింది.

1943లో సిసిలీ ఆసుపత్రిలో నరాలు చెదిరిన సైనికుణ్ని అమెరికా జనరల్ పాటన్ చెంపదెబ్బ కొట్టాడు. పైఅధికారి ఐసెన్‌హోవర్ ఆయనచేత క్షమాపణ చెప్పించాడు. మనవాళ్లు మర్యాదస్తులు, చెయ్యెత్తరు. ‘కుటుంబ కలహం’ అని ఫైల్లో రాసుకుంటారు. అందుకు క్షమాపణ అడిగేవాడెవడు?

మనసుకు చికిత్స తీసుకున్నందుకు ప్రమోషన్ ఆపబోమని ముందు ఓ ఉత్తర్వు రాసివ్వండి. ఆ తర్వాత కావలసినంత యోగా చేయించండి. ఈలోగా, అమ్మానాన్నలూ, సెలవుకొచ్చిన మీ అబ్బాయి రాత్రుళ్లు నిద్రపోవడం లేదనిపిస్తే, కోడలిమీద నెట్టకుండా 14416కి ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరది, తెలుగులోనే మాట్లాడతారు.