సినిమాను రీడింగ్ హాల్లోకి తెండి

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సినిమాలకంటూ వేరే గది కట్టవద్దు. ఏసీ, మెత్తటి కుర్చీలు, గోడకు పెద్ద తెర, తాళంచెవి ఒక్కరి దగ్గర. ఇలాంటి గదికి ప్రతిపాదన రాస్తున్న లైబ్రేరియన్ ఎవరైనా ఉంటే ఆ ఫైలు అక్కడితో ఆపెయ్యమని నా మొదటి సలహా. కట్టేదాకానే ఉత్సాహం. ప్రారంభోత్సవం రోజున ఒక డాక్యుమెంటరీ వేస్తారు. ఆ తర్వాత అది సెమినార్లకు టీ కప్పులు సర్దుకునే చోటవుతుంది. తాళంచెవి ఉన్నాయన బదిలీ అయ్యాడంటే లోపల ఏ క్యాసెట్ ఉందో చెప్పే దిక్కుండదు.

లైబ్రరీ సైన్సు చదివినవాళ్లు దీన్ని ఒప్పుకోరు. చప్పుడు, వెలుతురు, తేమ, భద్రత అన్నీ వేరుగా చూసుకోవాలంటారు. దాచే చోటుకు అది నిజం. చూసే చోటుకు కాదు. పుస్తకం చదివే బల్ల మీదే, అదే వరసలో, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని సినిమా చూడగలగాలి. పక్క కుర్చీలో గైడు తిరగేస్తున్న అమ్మాయి తలెత్తితే ఆ తెర కంట పడాలి. ఇవాళ కాకపోతే రేపైనా కౌంటర్ దగ్గరికొచ్చి, అదేం సినిమా అని అడుగుతుంది.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల మధ్య తిరిగేవాళ్లకు ఈ పట్టింపు ఎందుకో తెలుస్తుంది. ఒక కొసన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్: సంధ్య, దేవి, సుదర్శన్. పెద్ద హీరో సినిమా పడితే పొద్దున్నే ట్రాఫిక్ ఆగిపోతుంది. ఇంకో కొసన నారాయణగూడ కాలేజీలు. మధ్యలో త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం. అశోక్‌నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. సినిమా, చదువు ఇంత ఆనుకుని ఉన్న పేటలు హైదరాబాద్‌లో ఇంకెక్కడా నేను చూడలేదు. అయినా ఒక పాత తెలుగు సినిమా పేరు చెప్పి, పుస్తకం అడిగినట్టే అడిగి, కూర్చుని చూసుకునే బల్ల మాత్రం ఈ చుట్టుపక్కల నా కంట పడలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం పాత పుస్తకాల స్కాన్లు ఫోన్లో తెరిచినవాళ్లకు మొదటి పేజీల్లో అతికించిన చీటీ గుర్తుండే ఉంటుంది. కాల్ నంబరు, అక్సెషన్ నంబరు, రచయిత పేరు, పుస్తకం పేరు, కింద గడువులోగా తిరిగి ఇవ్వాలన్న మాట. ఎప్పుడో అచ్చయిన తెలుగు పుస్తకం ఆ చీటీతో సహా ఇవాళ అశోక్‌నగర్ హాస్టల్ గదిలో తెరుచుకుంటోంది. సినిమాకు అలాంటి చీటీ లేదు. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని నిర్ణీత గ్రంథాలయాలకు పంపాలని 1954లోనే దేశానికి చట్టం వచ్చింది. అందులో సినిమా ఊసు లేదు. పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ మొదలైంది 1964లో. అప్పటికే జరగాల్సిన నష్టం చాలా జరిగిపోయింది. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ఇవాళ చూద్దామంటే దొరకదు. 1922లో ధీరేన్ గంగూలీ హైదరాబాద్ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. 1924లో 'రజియా బేగం' అనే చిత్రం ప్రదర్శించినందుకు నిజాం ఆయన్ని రాజ్యం విడిచి పొమ్మన్నాడు. మన నగరంలోనే తీసిన ఆ మూకీలూ పోయాయి. ఆనాటి పుస్తకం పోతే ఎక్కడో ఒక ఇంటి అటకమీదైనా దొరుకుతుందన్న ఆశ ఉంటుంది. సినిమాకు అటక కూడా లేదు.

నా రెండో సలహాకు చాలామందికి కోపం వస్తుంది. యూనివర్సిటీ తన సినిమాల్లో ఒక ప్రతిని క్యాంపస్ దాటించి చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పెట్టాలి. అక్కడ పోటీ పరీక్షల గైడ్లున్న ఒక బీరువా ఖాళీ చేసి మరీ పెట్టాలి. సీటు దొరక్క చెట్ల కింద కుర్చీలేసుకుని చదివే పిల్లలున్న చోట సినిమాలేమిటని అంటారు. ఆ పిల్లల కోసమే. గ్రూప్-2లో నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. గ్రూప్-1 మెయిన్స్‌లోనూ ఒక పేపరుంది. సాయుధ పోరాటం, వెట్టి, భూస్వామ్యం గురించి వాళ్లు పేజీలకు పేజీలు బట్టీ పడతారు. నోట్సులో వెట్టి అంటే రకాలు, సంవత్సరాలు, ఒక కమిటీ పేరు. బి. నరసింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన 1979 నాటి 'మా భూమి' చూస్తే వెట్టి అంటే దొర ముందు ఒక మనిషి నిలబడే తీరు. వీపు ఎంత వంగుతుంది, కళ్లు ఎటు చూస్తాయి, చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు. అందులో గద్దర్ కూడా తెరమీద పాడుతూ కనిపిస్తాడు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆ సినిమాకు ఆధారం. నవల ఒక బల్లమీద, సినిమా పక్క బల్లమీద ఉంటే ఒక్క మధ్యాహ్నంలో ఎంత చదువు జరుగుతుంది!

"అన్నా, గిది పరీక్షల అస్తదా?" అని ఏ తమ్ముడో కౌంటర్ దగ్గర అడుగుతాడు. రాదని ఉన్నమాట చెప్పండి. వస్తుందని అబద్ధమాడి కూర్చోబెట్టొద్దు. ఏళ్ల తరబడి ఈ సందుల్లో ఉన్నవాడికి పరీక్షకు రానిది ఒకటి చూసే హక్కుంది. రేపు వాడు తహసీల్దారై ఏదో ఒక ఊళ్లో భూమి తగాదా ఫైలు ముందు కూర్చుంటాడు. నోట్సులోని సంవత్సరాలు అప్పటికి మరిచిపోతాడు.

పుస్తకాల వరసలో కూడా ఇదే మొండితనం చూపించాలి. డ్యూయీ పద్ధతిలో సినిమాకు అంకె 791.43. ఆ అంకె వేసి డీవీడీలన్నీ ఒక మూల గుట్టపోస్తే పని అయిపోయిందనుకుంటారు. అక్కడికి వెళ్లేది సినిమా మీద పరిశోధన చేసేవాళ్లే. 'మా భూమి' మన ప్రాంత చరిత్ర ఉండే 954.84 వరసలో, పోరాటంలో పాల్గొన్నవాళ్ల ఆత్మకథల పక్కన ఉండాలి. 1988 నాటి 'దాసి' స్త్రీల చరిత్ర పక్కన. గూడవల్లి రామబ్రహ్మం 1939లో తీసి, జమీందార్ల ఆగ్రహానికి గురైన 'రైతుబిడ్డ' జమీందారీ రద్దు పుస్తకాల పక్కన. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' ప్రేమ్‌చంద్ కథల పక్కన. అట్ట డబ్బా ఒకటి వరసలో పెడితే చాలు, డిస్కు కౌంటర్ దగ్గరే ఉండొచ్చు. రైతు మీద పుస్తకానికి చెయ్యి చాపినవాడికి సినిమా తగలాలి.

ఇక క్యాసెట్లు. డిజిటల్ చేయించాక వీహెచ్‌ఎస్ క్యాసెట్లు పారెయ్యమని ప్రతి కమిటీ రాస్తుంది. పారెయ్యొద్దు. ఒక కాలేజీ లైబ్రరీలో మెట్ల కింది ఇనుప బీరువా తెరిపించి చూశాను. క్యాసెట్ల వీపుల మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లు వెలిసిపోయాయి. చిన్న గాజు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లగా బూజు, పొడి చల్లినట్టు. అలాంటి క్యాసెట్‌ను తొందరపడి వీసీఆర్‌లో పెడితే హెడ్ పాడవుతుంది, బూజు తర్వాతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. ముందు వాటిని మిగతావాటి నుంచి విడదీయాలి, పొడి చోట నిలువుగా నిలబెట్టాలి, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాలి. అప్పుడే ఆడించాలి. ఆడించే యంత్రం కూడా దాచాలి. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీగా చెప్పుకునే జపాన్ ఫునాయ్ 2016లో ఆపేసింది. కనుక స్టోర్‌రూమ్‌లో పాత వీసీఆర్ కనబడితే తుక్కు కింద వేలం వెయ్యకండి. పని చెయ్యకపోయినా ఉంచండి, దాని విడిభాగాలు ఇంకోదాన్ని బతికిస్తాయి.

పారెయ్యొద్దనడానికి చట్టంలో ఇంకా గట్టి కారణముంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో 2012 సవరణ తర్వాత ఒక నిబంధన చేరింది. వ్యాపారం కాని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర డిజిటల్ కాని ప్రతి ఉంటే, భద్రపరచడం కోసం దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. చేతిలో వీహెచ్‌ఎస్ క్యాసెట్ ఉన్నంతకాలం ఆ ఆసరా ఉంటుంది. డీవీడీ ముందే డిజిటల్, దానికి ఈ వెసులుబాటు అందదు. అందరూ పనికిరాదనే క్యాసెట్టే లైబ్రరీకి హక్కు తెచ్చిపెడుతోంది. యూనివర్సిటీ లైబ్రరీ పబ్లిక్ లైబ్రరీ అవుతుందా అని లాయర్లు వాదించవచ్చు. అశోక్‌నగర్ పిల్లలకు తలుపు తెరిచిన లైబ్రరీకి ఆ వాదనలో బలం ఎక్కువని నా అభిప్రాయం.

కాపీరైట్ పేరు చెప్పి సినిమా వెయ్యని లైబ్రరీలను చూస్తే బాధేస్తుంది. అదే సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, ఆ పనులతో సంబంధం ఉన్నవాళ్లకు మాత్రమే సినిమా చూపిస్తే ఉల్లంఘన కాదు. నారాయణగూడలో ఏ కాలేజీ అయినా తన విద్యార్థులకు రేపే వేసుకోవచ్చు. బయటివాళ్లను పిలవాలంటే గడువు తీరిన సినిమాలున్నాయి. సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1951 నాటి 'మల్లీశ్వరి', 'పాతాళభైరవి', 1957 నాటి 'మాయాబజార్' ఆ లెక్కన బయటికి వచ్చేశాయి. మాటలు, పాటల హక్కు వేరు, అది రాసినవారు పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. 'పాతాళభైరవి', 'మాయాబజార్' రాసిన పింగళి నాగేంద్రరావు పోయింది 1971లో, కనుక ఆ విషయంలో ఇంకొన్నాళ్లు అనుమతి అడగాల్సిందే. అడగండి. ఉత్తరం రాస్తే పోయేదేం లేదు. చిక్కడపల్లి బల్లకు కావాల్సిన 'మా భూమి'కి కూడా అదే దారి.

ఓటీటీ చందా కట్టి దాన్ని సినిమా సేకరణ అని వార్షిక నివేదికలో రాయొద్దు. చందా ఆగితే సినిమా పోతుంది. చందా ఉన్నా పోతుంది, వాళ్ల ఒప్పందం ముగిస్తే. చేతిలో ఉన్న డిస్కులు, క్యాసెట్లను సెల్లార్‌లో మాత్రం పెట్టొద్దు. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి అపురూపమైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి. కాగితాన్ని ఆరబెట్టి, అట్టకట్టి కొంతైనా దక్కించుకోవచ్చు. మురుగునీటిలో నానిన టేపును దక్కించుకోవడమూ కష్టమే.

క్యాటలాగులో పేరు, హీరో, దర్శకుడు రాసి ఊరుకోకండి. సినిమా మొదట్లో కొన్ని క్షణాలు పడే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపండి. ధ్రువపత్రం నంబరు, తేదీ, ఎన్ని రీళ్లు, ఎన్ని మీటర్లు అన్నీ అందులో ఉంటాయి. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి సుమారు 27 మీటర్లు నడుస్తుంది. మీటర్లను 27తో భాగించండి, మీ డిస్కు నిడివితో పోల్చండి. పదిహేను నిమిషాలు తక్కువొస్తే పాటో, ఒక ముసలి నటుడి సన్నివేశమో కోసేశారన్నమాట. వీసీడీల కాలంలో ఇది మామూలే. 'మాయాబజార్' రంగుల్లో 2010లో మళ్లీ విడుదలైంది, దాన్నీ కుదించే వదిలారు. మీ అరలో ఉన్నది ఏ 'మాయాబజార్'? అది రాయని క్యాటలాగును నమ్మి ఒక పిల్ల థీసిస్ రాస్తే తప్పు ఆ పిల్లది కాదు. నా మాట వింటే కొత్త డిస్కు ఒక్కటీ కొనకుండా ఒక సంవత్సరం ఈ లెక్క తేల్చడానికే ఇవ్వొచ్చు.

కొనాల్సి వచ్చినప్పుడు ప్రపంచ ప్రసిద్ధ చిత్రాల జాబితా పట్టుకుని మొదలుపెట్టవద్దు. కురొసావా, సత్యజిత్ రాయ్ ఎక్కడైనా దొరుకుతారు, వాళ్లను దాచే సంస్థలు చాలా ఉన్నాయి. శ్యామ్ బెనెగల్ నిజాం కాలేజీలో చదువుకునే రోజుల్లో హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టి ప్రపంచ సినిమా తెప్పించుకున్నారంటే అప్పటి అవసరం అది. ఇప్పటి అవసరం వేరు. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమం మొదలుపెట్టింది. దానికి పాఠాలు తీసిన కేంద్రాలు ఉస్మానియాలోనూ, అప్పట్లో సీఫెల్ అన్న ఇప్పటి ఇఫ్లూలోనూ ఉన్నాయి. అలాంటి టేపులు ముందు కావాలి. గానసభలో జరిగిన అవధానాలు, నాటకాలు, సన్మానాల వీడియోలు నిర్వాహకుల ఇళ్లల్లో ఉంటాయి, అవి కావాలి.

అన్నిటికంటే ముందు అశోక్‌నగర్ కోచింగ్ క్లాసుల రికార్డింగులు. వాటిని సేకరించమంటే విశ్వవిద్యాలయంలో నవ్వుతారు. ఒక తరం తెలుగు యువతకు చరిత్ర, భూగోళం, రాజ్యాంగం ఎవరు ఏ మాటల్లో చెప్పారో, బోర్డు మీద ఏ బొమ్మ గీశారో, మధ్యలో ఏ సామెత వేశారో ఆ రికార్డింగుల్లోనే ఉంది. సిలబస్ మారగానే సెంటర్‌వాళ్లు ఆ ఫైళ్లు చెరిపేస్తారు. బ్రాంచి మూసేస్తే కంప్యూటర్లతో పాటు అమ్మేస్తారు. ఫోన్లో అడిగితే పని కాదు, హార్డ్ డిస్క్ మీరే పట్టుకుని వెళ్లండి. ఏ నోటిఫికేషనూ లేని నెలల్లో వెళ్తే ఓనర్‌కు కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది. పాఠం చెప్పిన సారు అనుమతి వేరుగా తీసుకోవాలి, ఆయన ఈపాటికి ఇంకో సెంటర్‌కు మారి ఉండొచ్చు. అనుమతి పత్రం తెలుగులో ఒక్క పేజీకి మించకుండా ముందే టైపు చేయించుకోండి. పదేళ్ల దాకా బయట పెట్టకూడదంటే ఆ షరతు కూడా అందులోనే రాయించుకుని, ఆ తేదీని క్యాటలాగు కార్డు మీద ఎక్కించండి.