పిడికెడు కెమెరా, పందిరంత పరువు

కెమెరా బాడీ ఎంత ఉండాలో జపాన్‌లో ఇంజినీర్లు తేలుస్తారని చాలామంది అనుకుంటారు. మా టేకుమట్ల దిక్కు దాన్ని తేల్చేది పెళ్లికూతురు మేనమామ. ఆయన కెమెరాను చేత్తో ముట్టుకోడు. దూరం నుంచి ఒక్క చూపు చూస్తాడు, అంతే. దాని కిలోలూ గ్రాములూ, మనకిచ్చే అడ్వాన్సూ, మనల్ని ఏ బంతిలో కూర్చోబెట్టాలన్నదీ ఆ చూపులోనే ఖరారైపోతాయి.

"గిదేంది తమ్మీ, గింతే ఉన్నది? పెద్దది బండిల ఉన్నదా?"

ఆయన అడిగింది నా సోనీ ఏ7సీ గురించి. బ్యాటరీ, కార్డు కలిపి తూస్తే 509 గ్రాములు. లోపలి సెన్సార్ దాదాపు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. నా పాత కెనాన్ 5డీ మార్క్ త్రీలో ఉన్నదీ అదే కొలత. ఈ సంగతి మేనమామకు వివరించి చెప్పొచ్చు. చెప్పినవాళ్లున్నారు. వాళ్లకు బాకీ డబ్బులు పత్తి అమ్మినంక వచ్చాయి. ఏ ఏటి పత్తి అన్నది మాత్రం అడగొద్దు.

2016లో పెద్ద వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు మండలమైన ఊరు మాది. చిన్నగా చేస్తే పని సులువవుతుందని సర్కారే నమ్మింది. మేనమామ నమ్మడు.

నిజానికి ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. ఆయన కన్ను వీడియో కాలంలో తయారైంది. అప్పట్లో ప్యానసోనిక్ ఎం9000 భుజమ్మీద పెట్టుకుని వీడియో ఆయన వస్తుంటే ఎదుర్కోళ్లు కూడా పక్కకు జరిగి దారిచ్చేవి. వీహెచ్‌ఎస్ క్యాసెట్టే పెద్దది, దాన్ని మింగే కెమెరా ఇంకా పెద్దది. అక్కడిదాకా న్యాయమే. తర్వాత మినీ డీవీ వచ్చింది. ఆ క్యాసెట్టు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, అంతే. అరచేతిలో ఇమిడే హ్యాండీక్యామ్‌లో కూడా అదే క్యాసెట్టు తిరిగేది. అయినా మన లగ్గాల్లో ఊరేగింది ప్యానసోనిక్ ఎండీ10000, మళ్లీ భుజమ్మీదికి ఎక్కే బాడీ. చిటికెడు క్యాసెట్టు చుట్టూ అంత ప్లాస్టిక్ ఎందుకయ్యా అంటే, భుజానికి ఆనించితే బొమ్మ వణకదని ఒక జవాబు. అది నిజమే. రెండో జవాబు మేనమామ. కంపెనీవాళ్లు మా చుట్టాల లగ్గాలకు ఎప్పుడొచ్చి చూసిపోయారో తెలియదు.

పెద్ద పెట్టెకు మర్యాద దక్కడం హైదరాబాద్ రాజ్యంలో పాత అలవాటే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోలు తీసిన లాలా దీన్‌దయాళ్‌కు రాజా ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు వచ్చింది. చెక్కపెట్టె, ముక్కాలి, గాజు పలకలు, నెత్తిన నల్లగుడ్డ, వాటిని మోసే మనుషులు: అదంతా కదిలొస్తుంటేనే సగం దర్బారు వచ్చినట్టుండి ఉంటుంది. అదే పనికి ఆయన జేబులో పట్టే కెమెరాతో వెళ్లుంటే జంగ్ సంగతి దేవుడెరుగు, దేవిడీ గేటు దగ్గరే "పెద్దది బండిల ఉన్నదా" అని ఉర్దూలో అడిగేవాళ్లు.

అటు జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయనకు ఆయాసం. పెద్ద ప్లేటు కెమెరా మోసుకుని గుట్టలెక్కలేక, సినిమా ఫిల్ముతో నడిచే చిన్న కెమెరా చేసుకున్నాడు. 1925లో అది లైకా పేరుతో లైప్‌జిగ్ సంతకొచ్చింది. అంటే చిన్న కెమెరా పుట్టింది తీసేవాడి ఊపిరి కోసం, పెద్దది బతికింది చూసేవాళ్ల కళ్ల కోసం. ఫోటోగ్రాఫర్లలో ఇప్పటికీ ఈ రెండు పార్టీలే. మూడో పార్టీ ఫోన్‌తో తీసేవాళ్లు. వాళ్లు మనకంటే ముందు నిలబడి తలంబ్రాలకు అడ్డమొస్తారు కాబట్టి వాళ్ల గురించి నేను మంచిగా రాయలేను.

ఇక చేతికి ఏది సుఖం? షాపులో బాడీ ఒక్కటే చేతిలో పెడతారు. అసలు మాయంతా అక్కడే. అద్దం తీసేశారు గనక బాడీ సన్నబడింది. కెనాన్ ఈఎఫ్ మౌంటు నుంచి సెన్సార్ దాకా 44 మిల్లీమీటర్లు, సోనీ ఈ మౌంటు నుంచి 18. అద్దం ఊగడానికి ఉంచిన జాగా మిగిలిపోయింది. ఈ కబురు లెన్సుకు మాత్రం ఎవరూ చేరవేయలేదు. సెన్సార్ అంతే, మండపంలో అడిగే వెలుతురు ఎఫ్ 2.8 అంతే అయినప్పుడు గాజు ఎక్కడికి పోతుంది? నా 5డీ 950 గ్రాములు, దాని 24-70 లెన్సు 805. ఏ7సీ 509, దానికి తగిలించిన మొదటి తరం జీ మాస్టర్ 24-70 లెన్సు 886. బాడీలో 441 గ్రాములు తగ్గాయని మురిసేలోపే లెన్సు 81 గ్రాములు తిరిగి గుంజుకుంది. చివరికి మిగిలింది 360. లక్షలు పోసి పావుకిలో పైచిలుకు బరువు దించుకున్నానని ఇంట్లో చెప్తే, ఆ బరువేదో నీ పొట్టలో దించుకుంటే ఉత్తగనే అయ్యేది కదా అన్నారు.

పోనీ ఆ మిగిలిన బరువైనా సరైన చోట ఉందా? మాకు దగ్గర్లోనే రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. బరువు కింద, తేలిక పైన. అందుకే అన్ని వందల ఏళ్లు నిలబడింది. చిన్న బాడీకి పెద్ద లెన్సు పెట్టినవాడికి ఈ శాస్త్రం తిరగబడుతుంది: బరువంతా ముందు, పట్టుకునేదంతా వెనుక. ముందుకు తూలే మూతిని మణికట్టు ఒక్కటే ఆపాలి. జీలకర్ర బెల్లం దాకా ఆపుతుంది. అప్పగింతలనాటికి పెళ్లికూతురికంటే ముందు నా మణికట్టు ఏడుస్తుంది.

తర్వాతి బాధ చిటికెన వేలిది. 5డీ గ్రిప్పు మీద నాలుగు వేళ్లకూ చోటుంటుంది. ఏ7సీలో రెండు వేళ్లు స్థిరపడ్డాక, మూడోది సర్దుకున్నాక, చిటికెన వేలు ఇల్లరికపు అల్లుడిలా గడప కింద వేలాడుతుంది. పనేమీ లేదు, కానీ లేచిపోవడానికీ లేదు. ఆ వేలికి నీడ కోసం అడుగున ఒక ప్లేటు బిగిస్తారు. ప్లేటు ఉంది గదా అని చుట్టూ ఇనుప పంజరం, పంజరం ఉంది గదా అని పైన మైకు, పక్కన లైటు, ఆ పక్కన చిన్న టీవీ. తేలిక కోసం కొన్నది కాస్తా 5డీని దాటిపోతుంది. మేనమామ మాత్రం మొదటిసారి సంతృప్తిగా తలూపుతాడు.

అసలు చేతికి తగ్గ కెమెరా అన్న ఆలోచనకే వయసు తక్కువ. చాలాకాలం కెమెరాలు డబ్బాల్లాగే ఉండేవి. 1980లో నికాన్ ఎఫ్3కి కార్లు గీసే జుజారో చేత గీయించి, వేళ్లకు ఆసరాగా చిన్న గట్టు పెట్టారు. 1986లో కెనాన్ టీ90 వచ్చింది. లుయిజీ కొలాని ఆలోచనలు కలుపుకొని ఒళ్లంతా గుండ్రంగా, అరచేతిలోకి ఒదిగేలా చేశారు. 5డీ దాని మనవడే. చీకటి బరాత్‌లో, డీజే శబ్దానికి గుండె జారుతున్నప్పుడు కూడా, వెనకున్న చక్రం నా బొటనవేలికి చూడకుండా దొరుకుతుంది. చిన్న బాడీలో మీటలు దగ్గరదగ్గర. చిన్నప్పుడు పత్తి ఏరిన వేళ్లు నావి. ఒకటి నొక్కితే రెండు ఒప్పుకుంటాయి.

మెడ నొప్పి అని మా ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను. "ఎన్ని కిలోలు మోస్తవన్నా?" అన్నాడు. నాలుగు దాకా అన్నాను. "పత్తి మూటలు మోసేటోళ్లు బయట లైన్ల ఉన్నరు, జర మెల్లగ చెప్పు" అన్నాడు. మూట మోసేవాడు దించుతాడు కదా. నేను రెండు కిలోలైనా మొహం ముందర గాల్లో ఆపి, పెళ్లికొడుకు నవ్వేదాకా నిలబడాలి. కొందరు పెళ్లికొడుకులు నవ్వరు. దీనికి మందు గోళీ కాదు: లెన్సు కింద ఎడమ అరచెయ్యి, పక్కటెముకలకు ఆన్చిన మోచెయ్యి, మెడకు కాకుండా భుజానికి అడ్డంగా బెల్టు. బరువు మోయాల్సింది ఎడమ చెయ్యి. కుడిచెయ్యి మీటలు నొక్కాలి, అంతే.

మరి చిన్న కెమెరా దేనికని అడిగితే, మిరపకల్లం దాకా రండి. తాలు కాయలు ఏరుతున్న అవ్వ ముందు 5డీ ఎత్తితే ఆమె లేచి, కొంగు సర్ది, ఆధార్ కార్డుకు దిగినట్టు బిగుసుకుంటుంది. ఏ7సీ ఎత్తితే "ఫోను మాట్లాడుతున్నవా బిడ్డా" అని తన పని తాను చేసుకుంటుంది. నేను తీసిన మంచి ఫోటోలన్నీ ఆ అపార్థంలోంచి వచ్చినవే. వాటికి మాత్రం ఎవరూ డబ్బులివ్వలేదు.

మేడారం జాతరలో లెక్క ఇంకో తీరు. పెద్ద కెమెరా ఎత్తితే "ఏ ఛానెల్ అన్నా?" అంటూ జనం దారిస్తారు. చిన్నది పట్టుకుంటే అందరితోపాటు లైన్లో నలిగి, బెల్లం అంటిన వేళ్లతో మీటలు వెతుక్కోవాలి. కానీ అక్కడ నిలువెత్తు బంగారం మొక్కుంటుంది, మనిషి బరువంత బెల్లం. 5డీకి 70-200 తగిలించి మెళ్లో వేసుకుని తక్కెడలో కూర్చుంటే దాదాపు రెండున్నర కిలోల బెల్లం అదనం. మొక్కింది మనిషి బరువే గానీ, తక్కెడలో కూర్చున్నాక కెమెరా తీసి పక్కన పెట్టమని ఎవరికి ఇవ్వాలి, ఆ జనంలో? అందుకని జాతరకు ఏ7సీ, చిన్న 35 లెన్సు. లగ్గానికి రెండూ. 5డీ మెడలో, ఏ7సీ చేతిలో.

ఇప్పుడు ఆ రెండింటినీ ఎవరూ చూడటం లేదు. 250 గ్రాములు కూడా దాటని డ్రోను ఒకటి వచ్చింది, మన నిబంధనల్లో దాన్ని నానో అంటారు. అది పైకి లేవగానే బంతిలో సగం మంది ఇస్తరాకుల ముందు నుంచి లేచారు. "గింతే ఉన్నది" అని ఒక్కరూ అనలేదు. మొన్నటి లగ్గంలో పెళ్లికొడుకు పెద్దబాపు కండువా సర్దుకుని నా దగ్గరికొచ్చాడు.

"తమ్మీ, దాన్ని ఒక్కసారి మా ఇంటి మీదికెల్లి తిప్పు. కొత్త స్లాబు మొత్తం పడాలె."

"పడతది పెద్దబాపు."

"మా తమ్మునిది పక్కనే ఉంటది. అది పడొద్దు. పడినా మిక్సింగ్‌ల కోసేయ్."