వెంటపడేటోడికి టికెట్టు లేదు

మా రోజుల్లో ఒక మనిషి వెంట పడాలంటే జేబుల పైసలు, కాళ్లల్ల సత్తువ రెండూ ఉండాలె. కథలు రాసేటాయన మీద అభిమానం పుట్టిందనుకోండి, పదిహేను పైసల కార్డు కొనాలె, కుదురుగ రాయాలె, డబ్బాల వేసి జవాబు కోసం పోస్ట్‌మన్ తొవ్వ చూడాలె. బీమా ఏజెంటు మన వెంట పడాలంటే దేవరకొండ నుంచి బస్సెక్కి రావాలె. అప్పు అడిగేటోడు చలిల పొద్దుగాలనే వచ్చి అరుగు మీద కూసోవాలె. వెంటపడుడంటే ఒక కష్టం. అందుకే అందరూ అందరి వెంట పడకపోయేది. ఇప్పుడు బొటనవేలు కదిలిస్తే చాలు, ముఖం తెల్వనోడు మన ఫాలోవరై కూసుంటడు. వాడికి నయా పైస ఖర్చు లేదు. వాణ్ణి వదిలించుకునే చాకిరీ మాత్రం నా నెత్తిన పడ్డది. ఈ వయసుల, ఈ అద్దాలతోని.

మా నల్లగొండ నుంచి 1922ల షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక నడిపిండు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926ల హైదరాబాద్‌ల గోలకొండ పత్రిక పెట్టిండు. ఆ పత్రికల వెంట నడిచినోళ్లను చందాదార్లు అనేవాళ్లు. చందా కట్టిన మనిషికి పేరుండె, ఊరుండె, చిరునామా ఉండె. నిజాం సర్కారు సుత గోలకొండ పత్రిక మీద ఓ కన్నేసి ఉంచింది. అంటే పిలవని పాఠకుడు అప్పుడూ ఉన్నడు. కాకపోతే ఆ పాఠకుడెవరో ఎడిటరుకు తెలుసు, జాగ్రత్తగ రాయాల్నా, తెగించి రాయాల్నా అన్నది ఆయన చేతుల ఉండె. నా ఫోన్ల నన్ను చూస్తున్నదెవడో నాకు తెల్వదు. పేరు చూద్దామంటే ఇంగ్లిష్ అక్షరాలు, వాటి వెనుక ఏడెనిమిది అంకెలు. నేను లెక్కల సారుగ బతికినోణ్ణి, అంకెలంటే నాకు పడనిది కాదు. మనిషి పేరు స్థానంల అంకెలుంటేనే పడదు.

మా రోజులు బంగారమని పాడబోతున్న అనుకునేరు, ఆగండి. ఆడపిల్ల వెంట ఒకడు సైకిలేసుకుని కాలేజీ దాకా, మళ్ల కాలేజీ నుంచి గల్లీ మలుపు దాకా వస్తే ఇంట్ల ఏం జరిగేదో చూసిన. సైకిలోణ్ణి ఎవరూ ఏమనకపోయేది. పిల్ల చదువు బంద్ చేసి సంబంధం చూసేవాళ్లు. నా క్లాసుల లెక్కల్ల అందరికన్న ముందున్న పిల్లలు అట్లనే పదో తరగతితోని ఆగిపోయిండ్రు. వాళ్ల నాయినలకు చెప్పబోతే “నీకెందుకు సారూ, ఇంటి సంగతి” అని నోరు మూయించిండ్రు. తిరిగిన ఖర్చు వాడిది, జుర్మానా కట్టింది ఆ పిల్ల.

2013ల చట్టం మారింది. ఐపీసీల 354డి అని కొత్త సెక్షన్ పెట్టిండ్రు. ఆడమనిషి వద్దన్నా వెంటపడుడు నేరం, ఆమె ఇంటర్నెట్టుల ఏం చేస్తున్నదో కనిపెట్టుకుని ఉండుడు కూడా నేరమే. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితల 78వ సెక్షన్ అయింది. మొదటిసారి మూడేండ్ల దాకా, మళ్ల చేస్తే ఐదేండ్ల దాకా జైలు. ఆడోళ్లను సతాయించేటోళ్లను పట్టే పోలీసు షీ టీములు 2014 అక్టోబర్ల హైదరాబాద్‌ల మొదలై తర్వాత మన జిల్లాలకు కూడా వచ్చినయి. ఈ ఒక్క సంగతిల నా ఓటు ఈ కాలానికే. మిగతా వాటిల మాత్రం గొణుగుడు ఆపేది లేదు.

రిటైరైన తర్వాత పొద్దుపోక పానగల్లు పోయి ఫోటోలు తీసుడు పట్టిన. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కుందూరు చోడుల కాలంది. గర్భగుడిల లింగం మీద పగలంతా ఒక నీడ నిలబడి ఉంటది. ముందటి స్తంభాల్ల ఏ ఒక్కదాని నీడో అంటే చెప్పలేం, వెలుతురు చెదిరి పడేటట్టు స్తంభాలను అమర్చిన పనితనమది. ఆ ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌ల, ఫేస్‌బుక్‌ల పెట్టిన. గుడి మీద ఆసక్తి ఉన్నోళ్లు కొందరొచ్చిండ్రు, సంతోషం. వాళ్ల వెనుక వచ్చిన దండు చూడాలె. హైవే పక్క ప్లాట్లు అమ్మేటోళ్లు, బెట్టింగ్ యాప్‌లోళ్లు, క్రిప్టోల పైసలు రెట్టింపు చేస్తమనేటోళ్లు, పరదేశపు మిలిటరీ డ్రెస్సుల నవ్వుకుంట నిలబడ్డ ఒకాయన. ఆయనకు పానగల్లు గుడితోని ఏం పనో ఇప్పటికీ అంతుపట్టలేదు. లింగం మీది నీడ వెనుక కనీసం స్తంభాలున్నయి. ఈ నీడల వెనుక మనిషే లేడు.

అయినా చానమంది వీళ్లను తీసెయ్యరు. ఎందుకంటే సంఖ్య తగ్గుతదట. 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికలప్పుడు ఫాలోవర్ల లెక్క చెప్పుకుంట తిరిగిన పోరగాండ్లను చూసిన. ఆ ఫాలోవర్లల్ల ఎంతమందికి ఆ ఊరు మ్యాపుల ఎక్కడున్నదో తెలుసని అడిగితే ముఖాలు మాడ్చుకున్నరు.

సరే, ఊడ్చేద్దామని కూసున్న. మా మనవరాలు పాలమూరు యూనివర్సిటీల చదువుతది, సెలవులకొచ్చింది. “ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ ప్రైవేట్ చేసేస్త తాతా, అయిపోతది” అన్నది. చేసింది. ప్లాట్లోడు అట్లనే ఉన్నడు, మిలిటరీ ఆయన అట్లనే నవ్వుతున్నడు. ఏందంటే, ప్రైవేట్ చేస్తే కొత్తగ వచ్చేటోళ్లే అడిగి రావాలెనట. లోపలికి ముందే వచ్చినోళ్లు కదలరట. వాళ్లను జాబితా తెరిచి ఒక్కొక్కణ్ణి వేలు పెట్టి తీసెయ్యాలె. ఇంత పెద్ద కంపెనీ, చంద్రమండలం దాకా లెక్కలేసేటోళ్లు, స్పామ్ అని వాళ్లకు అనుమానమొచ్చినోళ్లను కలిపి తీసే వీలు పెట్టిండ్రు గని, మనకు పనికిరానోళ్లందరినీ ఒక్క దెబ్బకు తీసే మీట మాత్రం మన ముందర పెట్టరు.

తీసేస్తే వాడికి కబురు కూడా పోదట. “చెప్పకుండ వెళ్లగొట్టుడేంది బిడ్డా, మర్యాద కాదు” అన్న.

“చెప్తే తగాదకొస్తరు తాతా. నీకు తీరిక ఉన్నదా?”

తీరిక ఉన్నది. ఓపిక లేదు. అందుకే చెప్పకుండనే తీసేసినం. అకౌంట్ మళ్ల అందరికీ తెరిస్తే తీసేసినోడు తిరిగి రావచ్చట. రావొద్దంటే బ్లాక్ చెయ్యాలె, బ్లాక్ చేసేటప్పుడు వాడు తెరవబోయే కొత్త ఖాతాలను కూడా కలిపి ఆపమని అడగొచ్చు. ఇక రిస్ట్రిక్ట్ అని ఇంకొకటున్నది, 2019ల తెచ్చిండ్రు. దానికి మాత్రం నేను నోరు తెరిచిన. రిస్ట్రిక్ట్ చేసినోడు మన ఫోటో కింద ఏమన్నా రాస్తే వాడికే కనబడతది, మనం ఒప్పుకుంటె తప్ప లోకానికి కనబడదు. మనం ఆన్‌లైన్‌ల ఉన్నమా, వాడి మెసేజ్ చదివినమా అన్నది వాడికి తెల్వదు. వాడు నలుగురిల మాట్లాడుతున్నననుకుంట ఒంటిగ మాట్లాడుతుంటడు. మా రోజుల్లో ఇట్ల చేసే వీలుంటే మా బంధువుల్ల ఇద్దరు ముగ్గురి పేర్లు వెంటనే చెప్పేవాణ్ణి.

ఫేస్‌బుక్ ఇంకో తీరు. అక్కడ స్నేహితులు 5,000 దాటొద్దు, ఫాలోవర్లకు ఆ హద్దు లేదు. ఫాలో చేసేది ఎవరన్న చోట “అందరూ” అని ఉంటే, మనం ఒప్పుకోని రిక్వెస్టోడు కూడా ఫాలోవరై చూస్తుంటడు. పిల్లనియ్యమన్నా పెండ్లి పందిట్ల కూసున్నట్టే. దాన్ని “స్నేహితులు” అని మార్చాలె. ప్రొఫైల్‌కు తాళమేసే సౌకర్యం మన దేశంల 2020 మేల పెట్టిండ్రు. పద్దెనిమిది నిండని పిల్లల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు మొదటి నుంచే ప్రైవేట్‌గ ఉండే ఏర్పాటు 2025 ఫిబ్రవరిల మన దేశానికొచ్చింది. పిల్లలు పుట్టిన తేదీ నిజం రాయాలె గని, ఆ సంగతి వేరే.

తాళమేసుకునుడు నాకైతె సరిపోయింది, నేనేం అమ్ముకోను. మా వియ్యపురాలి చెల్లెకు ఆ వీలు లేదు. ఆమె గద్వాల, నారాయణపేట చీరలు ఇన్‌స్టాగ్రామ్‌ల పెట్టి అమ్ముతది. వెనుకట చీరల మూట భుజానేసుకుని ఇల్లిల్లు తిరిగేవాళ్లు, ఏ ఇంట్లకు పోవాలె, ఏ ఇంటి ముందట ఆగొద్దు అన్నది మూట మోసేటోళ్లకే ఎరుక. ఈమె ప్రైవేట్ చేస్తే కొనేటోళ్లు రారు, తెరిచిపెడితే అందరూ వస్తరు. కుప్పడం అంచు చూపించుకుంట వీడియో పెడితే కింద “ధరెంత అక్కా” అనేటోళ్లు నలుగురు, “నువ్వు కట్టుకుని చూపించు” అనేటోళ్లు పది మంది. అమెరికాల ఉన్న మనోళ్లు బేరమాడకుండ కొంటరు, వాళ్ల కోసమే ఇదంతా ఓర్చుకుంటున్న అని చెప్పింది.

దానికి మందున్నది. ఏ మాటలు రావొద్దో జాబితా ఇస్తే, ఆ మాటలున్న కామెంట్లను, మెసేజ్‌లను ఇన్‌స్టాగ్రామ్ దాచిపెడతది. అయితే ఇంగ్లిష్ తిట్లను పట్టినంత బాగ అది మన తిట్లను పట్టలేదు, మనమే రాసియ్యాలె. పైగ మనోళ్లు తెలుగు తిట్టును ఇంగ్లిష్ అక్షరాలతోని తిడతరు, ఒక్కో తిట్టు నాలుగు స్పెల్లింగుల వస్తది. ఆమెకు సగం తిట్లు తెల్వవు, తెలిసిన సగం రాయడానికి చెయ్యి రాదు. ఇంటిల్లిపాది సిగ్గుపడి చివరికి ఫోన్ నాకే చేసిండ్రు. ఊర్లల్ల ముప్పై ఏండ్లు బడి పంతులుగ చేసిన మనిషికి తిట్లు తెల్వకుండ ఉండయి గదా. కూసుని రాసిన. తెలుగు లిపిల ఒకసారి, ఇంగ్లిష్‌ల అచ్చులు మార్చుకుంట మళ్ల మళ్ల. నల్లగొండ తిట్టుకు, పాలమూరు తిట్టుకు తేడా ఉన్నది, అటు మక్తల్ దిక్కు పోతే కన్నడం కూడా కలుస్తది, అవి నాకు రాక ఆ ఊరి పాత దోస్తుకు ఫోన్ చేసి అడిగిన. “ఎవని మీద కోపమొచ్చింది సారూ?” అని ఆయన గాబరాపడ్డడు. జాబితా పూర్తి చేసి ఆమె ఫోన్‌ల ఎక్కించినంక మళ్ల చదివి చూసుకున్న. పిల్లలు ఎవరన్న ఈ కాయితం చూస్తే తాత చివరిదశల పిచ్చోడైండనుకుంటరని చింపేసిన. ఆమె కామెంట్లు మాత్రం శుభ్రమైనయి. రోజూ తిట్లు పడే కష్టం తప్పిందని రెండు చీరలు పైసలు తక్కువ చేసి మా ఇంటామెకు పంపింది.

ఇంతా చేస్తే పెద్ద ముప్పు ఫాలోవర్ల నోటిల కాదు, వాళ్ల కండ్లల్ల ఉన్నది. 2020ల అప్పటి మా జిల్లా ఎస్పీ ఎ.వి. రంగనాథ్ పేరుతోనే దొంగలు నకిలీ ఫేస్‌బుక్ ఖాతా తెరిచి తెలిసినోళ్లను పైసలడిగిండ్రు. నల్లగొండ పోలీసులు కూపీ లాగితే దారి రాజస్థాన్‌ల భరత్‌పూర్ దిక్కు పోయింది, ముఠాను పట్టుకొచ్చిండ్రు. ఆ దొంగలకు తాళాలు పగలగొట్టే పనే లేదు. మన ఫోటో దించుకుంటరు, మన పేరుతోనే ఇంకో ఖాతా తెరుస్తరు, మన స్నేహితుల జాబితా తెరిచి ఉంటె వరుసబెట్టి అందరికీ రిక్వెస్ట్ పెడతరు, మర్నాడు “దవాఖానల ఉన్న, ఫోన్ పే చెయ్యి” అంటరు. ఎస్పీ పేరునే వదలనోళ్లకు రిటైర్డ్ లెక్కల సారొక లెక్కనా? అందుకని ఆ జాబితా నాకొక్కణికే కనబడేటట్టు మార్పించిన. పైసలు పోతే గంట ఆలస్యం కాకుండ 1930కి ఫోన్ చెయ్యాలని మా పెన్షనర్ల బోర్డు మీద సుద్దముక్కతోని నేనే రాసిన.

ఇగ ఎక్స్ అని పేరు మారిన ట్విట్టర్ సంగతి. 2024 నవంబర్ నుంచి అక్కడ బ్లాక్ చేసినోడు కూడా మనం అందరికీ పెట్టిన రాతలు చదువుకోవచ్చట, జవాబు మాత్రం రాయలేడట. వద్దన్న మనిషిని కిటికీ దగ్గర నిలబెట్టుడు ఏం న్యాయమో దాని యజమానే చెప్పాలె. నేను దాంట్ల లేను కాబట్టి దాని మీద తిట్ల జాబితా ఖర్చు చెయ్యను.

స్నేహితుల జాబితా దాచిన వారానికే మునుగోడు దిక్కు ఉండే నా పాత స్నేహితుడు మా ఇంటికి దిగిండు. నాతోని సర్వీసు చేసిన మనిషే. ముఖం ఎర్రగ ఉన్నది. నా పేజీల ఆయన పేరు కనబడక నేను తీసేసిన్ననుకున్నడు. “ఏమోయ్, నేనేం తప్పు చేసిన?” అని దర్వాజల నిలబడే అడిగిండు. ఆడోళ్లకైతె మహాలక్ష్మి పథకంల బస్సు ఊరికెనే గని, ఆయన టికెట్టు కొనుక్కుని వచ్చిండు, ఆ ఎండల. కూసోబెట్టి ఫోన్ తీసి సెట్టింగు చూపించిన. ఆయనకు అర్థం కాలేదు, నాకు రెండోసారి చెప్పరాలేదు. అన్నం తిన్నంక ఆయన ఫోన్‌ల కూడా జాబితా దాచుదామని ఇద్దరం కూసున్నం, ఆ మీట ఎక్కడున్నదో దొరకక సాయంత్రం బస్సు తప్పింది.